తెరచాప పడవలో మా బాపు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెట్టగానే మా అమ్మ నవ్వుతుంది. “ఏంది, నూరేండ్ల ముసల్దాని లెక్క! మొన్ననే గద అయింది” అంటుంది. లెక్క ప్రకారం అమ్మ మాటే నిజం. కానీ కరోనా కాలానికి మామూలు లెక్కలు పనికిరావు. నిన్న జరిగినట్టూ ఉంటుంది, కిందటి జన్మలో జరిగినట్టూ ఉంటుంది. మూతికి గుడ్డ, చేతికి మందు, నుదుటికి తుపాకీ (జ్వరం చూసే తుపాకీయే లెండి, కంగారు పడకండి). మా ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునే అతనికి మీసాలున్నాయని నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఒకరోజు చాయ్ తాగడానికి మాస్కు దించితే, ఎవరో కొత్తవాడు వచ్చి కూర్చున్నాడనుకుని “ఆప్ కౌన్?” అని అడిగాను. ఇల్లు దాటితే పక్క గల్లీ కూడా పరాయి దేశంలా కనిపించే అలాంటి రోజుల్లో నేను సూరత్ జనానికి తెరచాప పడవల మీద సముద్ర విహారాలు అమ్మాను. అప్పటికి నేను సముద్రాన్ని చూడలేదు.

సూరత్‌లో పుట్టి పెరిగి సముద్రం చూడకపోవడమేమిటని మీరు అడగొచ్చు. మగ్గాల పనివాళ్లుండే లింబాయత్ పేటలో మా గల్లీవాళ్లు సగం మంది చూడలేదు. బాపు, అంటే మా నాన్న, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. వారానికి ఒక్క సెలవు. ఆ రోజు క్షవరం, బట్టలు, నిద్ర. నేను చిన్నప్పుడు అడిగితే, “సముద్రం యాడికి పోతది బిడ్డా, ఆడనే ఉంటది. తీరిగ్గ సూద్దం” అనేవాడు. సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు గడిచినా ఆయనకు ఆ తీరిక రాలేదు. వచ్చినప్పుడు మాత్రం మోయలేనంత వచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు, మగ్గాలు ఆగిపోయాయి. రోజుకు పన్నెండు గంటలు ఆ ధడధడల నడుమ నిలబడ్డ మనిషికి ఒక్కసారిగా నిశ్శబ్దం దొరికితే అది ఆయనకు పడలేదు. కార్ఖానా మళ్లీ తెరిచాక కూడా వారానికి మూడు రోజులే పని. మగ్గాల మోతకు చెవులు కాస్త మందగించాయి కాబట్టి బాపు ఇంట్లో మామూలు మాట కూడా అరిచినట్టే చెప్పేవాడు. “ఉప్పు తక్కువైంది” అన్నా వీధి చివరికి వినబడేది. ఆ అరుపు ఆగిపోయింది. తలుపు పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని గల్లీని చూస్తూ కూర్చునేవాడు. అమ్మ ఏదైనా అడిగితే తల ఊపేవాడు, అంతే.

నేనప్పుడు బీకాం అయిపోయి ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో చేరాను. మా యజమానికి మేం పెట్టుకున్న పేరు థైజశే సేఠ్. గుజరాతీలో ‘థై జశే’ అంటే అయిపోతుందిలే అని అర్థం. జీతం ఎప్పుడిస్తారన్నా, ఫ్యాను తిరగడం లేదన్నా, యాత్రకు వెళ్లినవాళ్లు దారితప్పి ఫోన్ చేసినా ఆయన జవాబు ఒకటే. రెండో వేవ్ తగ్గి, దీపావళి వెళ్లాక, ఒక ఉదయం ఆయన వెలిగిపోతూ వచ్చాడు. జనం గదుల్లో ఉండి ఉండి ఉడికిపోయారట, వాళ్లకు గాలి కావాలట. హోటలంటే భయం, రైలంటే భయం. మరి నడిసముద్రంలో ఎవరు తుమ్ముతారు? ఆయన స్నేహితుడి దగ్గర ఒకప్పుడు తీరం వెంబడి పెంకులు మోసిన పాత చెక్క పడవ ఉంది. దానికి నిజమైన తెరచాప ఉంది. (ఇంజనూ ఉంది. తెరచాప ఫోటోల కోసం.) తాపీ నది సముద్రంలో కలిసేచోట మగ్దల్లా దగ్గర ఎక్కడం, తీరం వెంట దక్షిణంగా సాగడం, నవసారి వైపు ఒక బెస్తపల్లెలో దిగి సరుగుడు తోపులో గుడారాల్లో పడుకోవడం, మర్నాడు మళ్లీ పడవలోనే వెనక్కి రావడం. “పర్మిషన్లు సేఠ్?” అన్నాను. “థై జశే.” “లైఫ్ జాకెట్లు?” “థై జశే.” (రెండూ నిజంగానే అయ్యాయి. ఆ మనిషిలోని విచిత్రమే అది.)

ఆ విహారాలను అమ్మే పని నాకు పడింది. నాకు మూడు భాషలు వస్తాయి, సూరత్‌లో ఈ మధ్య తెలుగు డాక్టర్లూ కంప్యూటర్ ఉద్యోగులూ బాగా దిగారు, వాళ్లను నువ్వు పట్టుకో అన్నాడు సేఠ్. నేను కరపత్రం రాశాను. మునిసిపల్ తెలుగు మీడియం బడిలో నేర్చుకున్న తెలుగంతా అందులో పోశాను. ‘నీలి కెరటాల ఉయ్యాలలో, వెండి ఇసుక తిన్నెల నీడలో’ అని మొదలవుతుంది. ఇసుక తిన్నెలకు నీడ ఎలా ఉంటుందో నన్నడక్కండి. బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరికినవి, ఏ దేశపు సముద్రమో కూడా తెలియదు. గుజరాతీలోకి కూడా నేనే దించాను. కరపత్రం పోయిన మూడో రోజు ఒక డాక్టర్ గారు ఫోన్ చేశారు. గోదావరి వైపు మాట, మెత్తగా సాగుతుంది.

“ఏమ్మా, ఆ పడవ మీద మీరెప్పుడైనా వెళ్లారా?”

“లెక్కలేనన్నిసార్లు సార్” అన్నాను. (సున్నాను లెక్కపెట్టలేం కదా, కాబట్టి అది అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.)

“మరి తెరచాప పడవంటున్నారు. ఈ కాలంలో అక్కడ గాలి ఎటుంటుందండీ?”

“చాలా మంచి గాలి సార్. ఏసీ అక్కర్లేదు.”

అవతల ఆయన గొంతు సవరించుకున్నారు. తర్వాత ఆయన, “ఇద్దరికి రాసుకోమ్మా” అన్నారు. నా వాక్చాతుర్యానికి నేనే మురిసిపోయాను. నాకంటే ఎక్కువ మురిసిపోయినవాడు వెనక నిలబడి విన్న సేఠ్. తెలుగు రాకపోయినా ధోరణి అర్థమైంది. “ఇంత తెలిసినదానివి ఆఫీసులో కూర్చోవడం దేనికి? లీడర్‌గా నువ్వే వెళ్లు” అన్నాడు. నాకు ఈత రాదు. బకెట్లో తల ముంచాలన్నా గుండె దడ. కానీ లెక్కలేనన్నిసార్లు వెళ్లిన మనిషి ఇప్పుడు రానని ఎలా అంటుంది?

ఇంట్లో చెప్పగానే అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఆడపిల్లను ఒక్కదాన్ని పడవల పంపుడా? ఊరిబయట పండుడా?”

“ఒక్కదాన్నేంది అమ్మా, శానమంది ఉంటరు. డాక్టర్ సార్ కూడ ఉంటడు.”

“ఉంటె? డాక్టర్లు మునగరా?”

తర్వాత అమ్మ చూపు తలుపు దగ్గరికి పోయింది. బాపు స్టూలు మీదే ఉన్నాడు. “నువ్వు గూడ పో” అంది. “గా స్టూలుకు, నీకు ఫరక్ లేకుంట అయింది. జర గాలన్న తగుల్తది.”

“నాకు ఈత రాదు” అన్నాడు బాపు. పదిహేను రోజుల్లో ఆయన మాట్లాడిన అతి పొడుగైన వాక్యం అది.

“దానికొస్తదా? ఇద్దరు కలిసి మునుగుండ్రి” అంది అమ్మ, మళ్లీ గరిటె తిప్పుతూ. అలా నిర్ణయమైపోయింది.

ఆ శనివారం పొద్దున బాపు సఫారీ సూటు వేసుకున్నాడు. అది పెళ్లిళ్లకు మాత్రమే బయటికి వచ్చే బూడిదరంగు సూటు. పాలిష్ చేసిన బూట్లు, చేతిలో స్టీలు డబ్బా నిండా సర్వపిండి, ఎల్లిపాయ కారం. రేవులో జనం ఆయన్నే ట్రావెల్ కంపెనీ ఓనర్ అనుకుని నమస్కారాలు పెట్టారు. వచ్చినవాళ్లు తొమ్మిది మంది. డాక్టర్ గారూ ఆయన భార్యా, వాళ్లు కాక వజ్రాల వ్యాపారం చేసే ఒక గుజరాతీ కుటుంబంలో ఏడుగురు. ఆ ఏడుగురికీ పెద్ద డెబ్భై ఏళ్ల ముసలావిడ, అందరూ ఆమెను ‘బా’ అంటారు. ఆ కుటుంబం వెంట మనుషుల కంటే తినుబండారాల బుట్టలే ఎక్కువ వచ్చాయి. పడవ నడిపే పెద్దను అక్కడ టండేల్ అంటారు. మా టండేల్ కాకాకు తెల్ల మీసాలు, ఎండిన బొమ్మిడాయి లాంటి ఒళ్లు. ఆయన కింద పనిచేసే కుర్రవాళ్లు ఇద్దరు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు, నన్ను మాత్రం ఎగాదిగా చూశారు. నేను లైఫ్ జాకెట్‌ను తలకిందులుగా వేసుకున్నానని తర్వాత తెలిసింది.

సేఠ్ దూరం పాటించడం కోసం పడవ మీద తెల్ల సున్నంతో గుండ్రాలు గీయించాడు, ఒక్కో మనిషికి ఒక్కో గుండ్రం. నేను మెగాఫోన్‌లో “అప్నా అప్నా గోలా” అని రెండుసార్లు అరిచి అందరినీ వాటిలో కూర్చోబెట్టాను. నది దాటి సముద్రంలోకి రాగానే మొదటి అల తగిలింది. తొమ్మిది మందీ జారి ఒకే గుండ్రంలో కుప్పపడ్డారు. బా మాత్రం బుట్టను వదలకుండా, ఆ కుప్ప మీద కూర్చుని, చుట్టూ నీళ్లను పరికించి చూసింది. నేనూ అప్పుడే చూశాను. నా జీవితంలో మొదటిసారి చూసిన సముద్రం చాయ్ రంగులో ఉంది. పాలు కాస్త ఎక్కువ పడ్డ చాయ్. బా తన సంచిలోంచి నా కరపత్రం తీసి, బొమ్మను ఒకసారి, నీళ్లను ఒకసారి చూసి, “బేటా, నీలం ఎక్కడ?” అని గుజరాతీలో అడిగింది.

“ముందుకు పోతే వస్తుంది బా” అన్నాను. సేఠ్ రోగం నాకూ అంటుకుంది.

కొంతసేపు బాగానే నడిచింది. చలికాలం కదా, తెల్లటి సముద్రపు పిట్టలు వందలకొద్దీ పడవ వెంటపడ్డాయి. వజ్రాల కుటుంబం పిల్లలూ పెద్దలూ గాంఠియాలు, అంటే లావు కారప్పూస ముక్కలు, గాలిలోకి విసిరితే అవి ఎగిరి పట్టుకునేవి. ఎడమచేతి వైపు ఒడ్డున సరుగుడు తోపులు పచ్చటి గీతలా సాగుతూ వచ్చాయి, మధ్యలో చిన్న చిన్న పల్లెలు, ఆరబెట్టిన వలలు. అన్నీ సవ్యంగానే ఉన్నాయని నేను ఊపిరి పీల్చుకునేలోగా డాక్టర్ గారు నా దగ్గరికొచ్చారు.

“ఏమ్మా, ఇప్పుడు నడుస్తోంది ఆటా, పోటా?”

నేను హుషారుగా, “ఆటలున్నాయి సార్, పోటీలు కూడా పెడతాం! భోజనాలయ్యాక హౌసీ, అంత్యాక్షరి” అన్నాను. ఆటు అంటే సముద్రం వెనక్కి తగ్గడమనీ, పోటు అంటే పొంగి రావడమనీ ఆ తెలుగు మాటలు సముద్రం ఉన్న ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుస్తాయి. లింబాయత్‌లో ఎవరూ వాడలేదు మరి. డాక్టర్ గారు “ఓహో” అన్నారు. ఆయన మాస్కు అదోలా కదిలింది. పక్కన ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పిట్టల వైపు తిరిగింది.

ఆ తర్వాత కడుపులో తిప్పడం మొదలైంది. మిగతావాళ్లకు కాదు, లీడర్‌కు. ముందు నోట్లో నీళ్లూరాయి, తర్వాత ఆకాశం పక్కకు ఒరిగింది. నేను తెరచాప కొయ్యను రెండు చేతులా కావలించుకుని కూలబడ్డాను. మెగాఫోన్ దొర్లుకుంటూ పోయింది. బా నా నోట్లో ఒక అల్లం ముక్క పెట్టి, “అరె, ఈ పిల్ల మనల్ని తీసుకెళ్తోందా, మనం ఈ పిల్లను తీసుకెళ్తున్నామా?” అంది. బాపు మాత్రం సూటు నలగకుండా, బూట్లతో, ఏదీ పట్టుకోకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు. పడవ ఎటు ఊగితే అటు మోకాళ్లు కొద్దిగా సడలించి మళ్లీ సర్దుకుంటున్నాడు. నేను ఆశ్చర్యంగా చూస్తే, వంగి నా వీపు నిమురుతూ, “ఏం లేదు బిడ్డా, మా కార్ఖానల నేల గిట్లనే ఊగుతది” అన్నాడు.

సరిగ్గా మధ్యాహ్నం ఇంజను ఒక్కసారి దగ్గి, గురకపెట్టి, ఆగిపోయింది. టండేల్ మనిషి కత్తి పట్టుకుని వెనకవైపు నీళ్లలోకి దిగి, కాసేపటికి ఒక చీర పైకి లాగాడు. చిలకపచ్చ పాలిస్టర్ చీర, ఎక్కడ కొట్టుకొచ్చిందో, ఇంజను రెక్కలకు తాడులా చుట్టుకుంది. సూరత్ సముద్రంలో చేపలకంటే ముందు చీర దొరుకుతుందని డాక్టర్ గారు అన్నారు. చీర వచ్చింది కానీ ఇంజను రాలేదు. లోపల ఏదో విరిగిందని టండేల్ కాకా చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. ఆయన చెప్పినంతసేపూ అందరూ ఆయన ముఖం చూస్తున్నారు. బాపు ఒక్కడే చీర చూస్తున్నాడు. తడి పిండి, వేళ్ల మధ్య నలిపి, ఎండకు ఎత్తిపట్టి, “మాల్ మంచిగుంది. ఇంత గుంజినా ఒక్క పోగు సుత జరగలే” అన్నాడు. ఎవరితో అన్నట్టూ కాదు. కానీ నేను తల తిప్పి చూశాను. ఇంట్లో అంత మాట విని చాలా రోజులైంది.

నేను సేఠ్‌కు ఫోన్ చేశాను. “సేఠ్, ఇంజను పోయింది!” అన్నాను. “థై జశే” అన్నాడు. సిగ్నల్ పోయింది. టండేల్ కాకా అసలు సంగతి అప్పుడు చెప్పాడు. మేం దిగాల్సిన పల్లె ఒక పాయ లోపల ఉంది. పోటు మీదే పడవ అందులోకి పోగలదు. మధ్యాహ్నం మూడు దాటితే నీళ్లు వెనక్కి లాగేస్తాయి, పాయ నోట్లో బురద తేలుతుంది. అప్పుడు మళ్లీ పోటు వచ్చేదాకా బురదలో పక్కకు ఒరిగి పడి ఉండాల్సిందే. డెబ్భై ఏళ్ల బా, మర్నాటి రాత్రికి డ్యూటీ ఉన్న డాక్టర్ గారు, ఒరిగిన పడవ. వీళ్లందరినీ నీలి కెరటాల ఉయ్యాలలో ఊపుతానని రాసింది నేనే. వికారం ఆగిపోయింది, భయానికి అంత శక్తి ఉంది. వజ్రాల కుటుంబం మాత్రం ఈ కబురు విని ఒకరి ముఖాలొకరు చూసుకుని బుట్టలు విప్పింది. సూరతీలకు కష్టమొస్తే ముందు ఆకలేస్తుంది.

“తెరచాప ఎత్తుదాం” అన్నాడు టండేల్ కాకా. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఏదో మారింది. ఎన్నేళ్లయిందో దానితో నిజంగా పడవ నడిపి! ఇద్దరు మనుషులూ తాడు లాగారు. పొడవాటి వెదురు దూలం, దానికి చుట్టిన గుడ్డ, కొయ్య మీదకు సగం దాకా ఎక్కాయి. ఠప్‌మని తాడు తెగింది. దూలం కిందకు దూసుకొచ్చి, శనగపిండిని ఆవిరి మీద ఉడికించి చేసే ఖమణ్ ఉన్న బుట్ట మీద పడింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, ఖమణ్ మాత్రం చట్నీ అయిపోయింది. ఇంకో తాడుందిగానీ అది సన్నది, నైలాన్‌ది. పాత తాడు లావు, కొబ్బరి పీచుది. కుర్రవాళ్లలో ఒకడు రెండింటినీ ముడేసి లాగాడు, జారిపోయింది. రెండోవాడు ఇంకా పెద్ద ముడి వేశాడు, అదీ జారింది. టండేల్ కాకా చుక్కాని వదిలి రాలేక అక్కడినుంచే తిడుతున్నాడు.

“హటో భాయ్, జర మై దేఖ్తా” అని ఒక గొంతు వినిపించింది. చూస్తే బాపు. సఫారీ చేతులు మడిచాడు. లావు తాడును మడత పెట్టి ఎడమచేతిలో పట్టుకున్నాడు, సన్నదాన్ని దాని కిందనుంచి తెచ్చి, చుట్టి, తన కిందే దూర్చి, లాగాడు. నేను మీకు చెప్పడానికి పట్టిన సమయంలో పదో వంతు పట్టలేదు. కుర్రవాళ్లు లాగి చూశారు, జారలేదు. ఇద్దరూ వేలాడారు, బిగిసిందే తప్ప కదల్లేదు. టండేల్ కాకా ఒక కుర్రవాడికి చుక్కాని అప్పగించి వచ్చి, ముడిని వేలితో తడిమి, బాపును చూసి, “ఫిర్ సే కరో” అన్నాడు. బాపు ఇంకో తాడు ముక్క మీద నెమ్మదిగా వేసి చూపించాడు. టండేల్ కాకా తానూ వేశాడు. వేళ్లు వేరే దారిలో తిరిగాయి, చివరికి అదే ముడి వచ్చింది.

“ఇది మా పడవల ముడి. నువ్వెక్కడ నేర్చావు?” అని హిందీలో అడిగాడు.

“పడవల ముడేంది? గిది మగ్గం ముడి! పోగు తెగితె ఏసేది. మా నాయిన నేర్పిండు నాకు” అన్నాడు బాపు, కంగారులో తెలుగులోనే. నేను కొయ్య పట్టుకునే అనువాదం చేశాను. ముడి మీది హక్కు గురించి వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే, “కొట్లాట తర్వాత, ముందు పడవ” అని బా కేకేసింది.

ఈసారి తెరచాప పైదాకా ఎక్కింది. ఎక్కి విచ్చుకోగానే దాని నడుమ రెండు జానల చిరుగు కనిపించింది. కుట్టు ఊడిపోయింది. మళ్లీ దించారు. టండేల్ దగ్గర లావు సూది, దారం ఉన్నాయి. “నేను సర్జన్‌నండీ, నాకివ్వండి” అని డాక్టర్ గారు ముందుకొచ్చారు. రెండు కుట్లు చాలా అందంగా వేశారు. బాపు పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూసి చూసి, ఇక ఆగలేక, “డాక్టర్ సాబ్, ఏమనుకోకుండ్రి. గింత దూరం దూరం ఏస్తె గాలి నడుమకెళ్లి పోతది. జర దగ్గర దగ్గర” అన్నాడు. డాక్టర్ గారు సూది ఆయన చేతికిచ్చి, తాను గుడ్డ బిగించి పట్టుకున్నారు. చిరుగుకు అడ్డంగా అతుకు కావాల్సి వస్తే, బాపు ఆ చిలకపచ్చ చీరనే నాలుగు మడతలు పెట్టి వేశాడు. కుడుతూ, పోగు గురించి, పడుగు పేక గురించి, కార్ఖానాలో తన నాలుగు మగ్గాల గురించి, వాటిలో మూడోదాని మొండితనం గురించి ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. డాక్టర్ గారు “అలాగాండీ” అంటూ విన్నారు.

ఆ మాటల్లోనే ఆయన మర్యాదకు అడిగారు. “మీ అమ్మాయి ఈ పడవ మీద లెక్కలేనన్నిసార్లు వచ్చిందట కదా. మీరూ వచ్చేవారా?”

“మా బిడ్డనా?” అన్నాడు బాపు. “నిన్నటిదాంక సముద్రం మొకమే సూడలే సార్. బకెట్ల నీళ్లకే భయపడ్తది.”

ఆ క్షణంలో పడవ తిరగబడి ఉంటే నేను దానికి రుణపడి ఉండేదాన్ని. పడవ తిరగబడలేదు. “సార్, సారీ సార్” అన్నాను, కొయ్య వెనకనుంచి. డాక్టర్ గారు గట్టిగా నవ్వారు. “గాలి ఎటు అంటే ఏసీ అక్కర్లేదన్నప్పుడే తెలిసిందమ్మా” అన్నారు.

“తెలిసి ఎందుకొచ్చారు సార్?”

జవాబు ఆయన భార్య చెప్పింది. “ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఈయన నవ్వడం మొదలుపెట్టారు. అన్నం తింటూ నవ్వారు, పళ్లు తోముకుంటూ నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చి గోడ చూస్తూ కూర్చునే మనిషమ్మా, ఏడాదిన్నర నుంచీ. ఎవరా పిల్ల, చూడాల్సిందే అన్నాను నేను.” తర్వాత నా లైఫ్ జాకెట్ ముడి విప్పి, సరిగ్గా తిప్పి కట్టింది.

తెరచాప మూడోసారి లేచింది. వాయవ్యం నుంచి గాలి వచ్చి అందులో నిండింది. ఇంజను మోత లేదు, మాటలు లేవు, చెక్క కింద నీళ్లు చీలుతున్న చప్పుడు మాత్రమే. పడవ ఒక పక్కకు వాలి ఉరికింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. “పట్టింది! గాలి పట్టింది బిడ్డా! కండ్లు తెరువు, సూడు!” అని ఒక అరుపు. లింబాయత్ గల్లీ చివరికి వినబడే అరుపు, మగ్గాల మోతను దాటి పలికే మా బాపు అసలు గొంతు. కళ్లు తెరిచాను. మూడు పక్కలా ఎండ పడి సముద్రం మెరుస్తోంది. నడుమ చిలకపచ్చ అతుకుతో బూడిదరంగు తెరచాప కడుపు నిండినదానిలా ఉబ్బి ఉంది. దాని తాడు పట్టుకుని, సఫారీ సూటు తడిసి ముద్దయి, బాపు నవ్వుతున్నాడు. బా నీళ్లను చూసి, “నీలం కాదుగానీ ఫర్వాలేదు” అని తీర్పు ఇచ్చింది.

పాయ నోట్లోకి వెళ్లేసరికి నీళ్లు వెనక్కి తిరిగాయి. అడుగున బురద గీరుకున్న చప్పుడు అందరికీ వినిపించింది.  టండేల్ కాకా చుక్కానిని కడుపుతో నెట్టాడు, బాపూ కుర్రవాళ్లూ తాడు లాగారు, వజ్రాల కుటుంబం మొత్తం టండేల్ చెప్పిన పక్కకు ఒక్క ఊపున జరిగింది. పడవ ఒకసారి ఆగి, మళ్లీ కదిలి, లోపలికి జారింది. ఒడ్డున పల్లెవాళ్లు గుమిగూడారు. తెరచాప మీద పడవ రావడం చూసి చాలా ఏళ్లయిందని ఒక ముసలాయన టండేల్ కాకాను పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. సర్వపిండి అందరికీ తలో ముక్క అందింది. బా నాలుగు ముక్కలు తిని, ఎలా చేస్తారో రాసిమ్మంది. మర్నాడు ఇంజను బాగుపడనందువల్ల అందరం టెంపోలో సూరత్ చేరాం. ‘నీలి కెరటాల’ తిరుగు ప్రయాణం హైవే మీద సాగింది. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. సేఠ్ రేవు బదులు బస్టాండులో ఎదురొచ్చి, “చూశావా, థై గయుం” అన్నాడు. అయిపోయిందిగా అని!

ఆ విహారాలు ఇంకో రెండు జరిగాయి, మూడో వేవ్ వచ్చి మూసేసింది. సేఠ్ మసాలా పొడుల వ్యాపారంలోకి వెళ్లాడు. కార్ఖానాలో బాపును టండేల్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన ఇంట్లో మళ్లీ అరుస్తున్నాడు. అమ్మ చెవులు మూసుకుని, “మల్ల షురువైంది” అంటుంది, అంటూ ఇంకో రొట్టె వేస్తుంది. నేను ఇప్పుడు వేరే కంపెనీలో ఇదే పని చేస్తాను. నెలకు రెండుసార్లు పడవెక్కుతాను. ఆటూ పోటూ తెలుసు, గాలి ఎటో చెప్పగలను, అలను చూసి కడుపు కదలదు.

కానీ ఆ ఆదివారం సాయంత్రం టెంపో దిగి మా గల్లీలో అడుగుపెట్టినప్పుడు నేల కదిలింది. సముద్రం మీద ఉండి వచ్చినవాళ్లకు అలా ఉంటుందని నాకు తెలియదు. గోడ పట్టుకున్నాను, గోడ కూడా ఊగింది. కిరాణా కొట్టు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. పక్కింటి పెద్దమ్మ బాపును పక్కకు పిలిచి, “ఏంది అన్నా, పిల్ల ఏమన్న తాగిందా?” అని గుసగుసగా అడిగింది. (మందు అమ్మని రాష్ట్రంలో అది మామూలు నింద కాదు.) రెండు రోజులపాటు వంటిల్లు, మంచం, షేర్ ఆటో, ఆఫీసు కుర్చీ అన్నీ నన్ను మెల్లగా ఊపుతూనే ఉన్నాయి. నేను భయపడి, డాక్టర్ గారికి ఫోన్ చేసి, నాకేమైనా జబ్బా అని కూడా అడిగాను. ఆయన మళ్లీ నవ్వారు. మూడో రోజు నిద్ర లేచేసరికి నేల ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను, ఎంత పిచ్చిదాన్నో. ఇప్పుడు పడవ దిగిన ప్రతిసారీ, నేల మళ్లీ ఊగుతుందేమోనని ఒక్క నిమిషం కదలకుండా నిలబడతాను. నేల రాయిలా ఉంటుంది. పక్కవాళ్లు ఏమైందంటే ఏమీ లేదంటాను.